అక్క ఇచ్చిన రక్తం

కొలంబియాలోని మెడెయిన్ నగరంలో, కొండవాలు ఆసుపత్రిలో, మధ్యాహ్నం వానలో, రొమ్ము క్యాన్సర్ నయమైన ఇస్మేనియా ఫలితాల కోసం డాక్టరు ఎదుట కూర్చుంది.

"స్కానులో ఎక్కడా ఏమీ లేదమ్మా."

"హమ్మయ్య! మరి శవాన్ని చూసినట్టు ఆ మొహమేంటి డాక్టరమ్మా?"

"నీ రక్తంలో కొన్ని ప్రొటీన్లు పెరిగాయి. జబ్బు తిరగబెట్టబోయే వాళ్ళలో ఇలా పెరుగుతాయి. అచ్చం ఇలాగే ఇంకొకరి రక్తంలో చూశాను."

"ఎవరిది?"

"మీ అక్క ఔరెలియాది."

"అక్కని పూడ్చిపెట్టి ఆరేళ్ళయింది!"

"పరిశోధనకని ఆవిడ ఇచ్చిన రక్తం ఇక్కడే ఫ్రీజర్‌లో ఉంది, నిన్న తీసినట్టే. ఆవిడకీ క్యాన్సర్ నయమైందని మేం ఇంటికి పంపిన రోజు తీసిన రక్తం అది. అందులో అప్పటికే జబ్బు జాడ ఉంది."

"అప్పుడే ఎందుకు చూడలేదు?"

"అప్పట్లో మాకు చూడటం తెలీదమ్మా. ఆవిడలాంటి వాళ్ళ రక్తంతోనే నేర్చుకున్నాం. ఖాయమని చెప్పలేను. కానీ ఇప్పుడే మందు మొదలుపెడితే ఆపగలమేమో."

ఇస్మేనియా మోచేతి మడతలోని సూది గుర్తును చాలాసేపు తడుముకుంది.

"చిన్నప్పుడు చీకటి గదిలోకి అక్కే ముందు వెళ్ళేది. నేను గుమ్మంలో నిలబడితే లోపల్నుంచి అరిచేది."

"ఏమని?"

"నువ్వు రావద్దే, అని. మందు ఇవాళే మొదలుపెట్టండి."