మీ తాతయ్య మానేసిన ప్రసంగం

అమ్మమ్మా, గుడ్ ఫ్రైడే ముందు తాతయ్య ఏటా ఇస్సాకు ప్రసంగం చెప్పేవారంటగా, మరి ఎందుకు మానేశారు?

మీ అమ్మ చెప్పిందా? దాని నోట్లో ఏదీ ఆగదు. సరే, ఇట్టా మంచం మీదకి రా, గట్టిగా మాట్లాడలేను నేను.

మన చర్చి ఇప్పుడు స్లాబుది గాని, అప్పుడు తాటాకు పాకే. అద్దంకి బస్సు రోడ్డు మీద దించితే నడిచి రావాల్సిందే ఎవరైనా. మీ తాతయ్య పాస్టరే, కానీ కానుకలతో ఇల్లెక్కడ గడుస్తుందీ? కౌలుకు చేసేవాళ్ళం. కాస్త పత్తి, కాస్త మిరప. మిరపకాయలు బస్తా అమ్మితే గాని పత్తికి మందు డబ్బా వచ్చేది కాదు ఆ రోజుల్లో. ఆ ఏందీ, ఇస్సాకు గదా అడిగావు.

గుడ్ ఫ్రైడే ముందు శ్రమకాలం వచ్చిందంటే ఆయనకు ఇస్సాకే. బైబిల్లో పాత నిబంధనంతా రాబోయే క్రీస్తుకు నీడ అనేవారు. గోడ మీద నీడ పడిందంటే వెనకాల మనిషి వస్తున్నట్టే గదా అనేవారు. దేవుడు బలి అడిగితే అబ్రాహాము కొడుకు ఇస్సాకు మీద కట్టెలు పెట్టి కొండకు తీసుకెళ్ళాడా, తండ్రి తన కుమారుడి మీద సిలువ పెట్టాడు. ఇస్సాకు ఎదురు తిరగలా, క్రీస్తూ తిరగలా. చివరికి ఇస్సాకుకు బదులు బలికి దేవుడు పంపిన పొట్టేలు, పొదలో కొమ్ములు చిక్కుకున్నదుందే, అదే ముళ్ళకిరీటం పెట్టుకున్న ప్రభువు. ఇట్టా ఒక్కొక్కటీ విప్పి చెబుతుంటే జనం కదిలేవాళ్ళు కాదు.

మీ మావయ్య దానియేలు, నువ్వు చూళ్ళేదులే, మీ అమ్మకు అన్న, చిన్నప్పుడు పత్తికట్టె మోపు వీపున వేసుకుని చర్చిలోకి నడిచొచ్చేవాడు. వాళ్ళ నాన్న ముందు నిలబడి, ఇస్సాకు అడిగినట్టే, అన్నీ ఉన్నాయి గాని బలికి గొర్రెపిల్ల ఏదని అడిగేవాడు. ఆడవాళ్ళు నవ్వాపుకోలేక కొంగులు నోట్లో కుక్కుకునేవాళ్ళు. మీసాలొచ్చాక సిగ్గేసి మానేశాడనుకో.

పత్తికి పచ్చపురుగు పడిన ఏడాది అది. ఎన్నిసార్లు మందు కొట్టినా చచ్చేది కాదు. ముందు రోజు నుంచి దానియేలుకి ఒళ్ళు వెచ్చగా ఉంది. ఇవాళ వాణ్ణి పంపబాకండి అందామనే అనుకున్నా. చేతిపంపు కాడ్నుంచి బిందె తీసుకొచ్చేసరికి ఇద్దరూ చేలోకి వెళ్ళిపోయారు. మీ తాతయ్యే మందు కలిపి, మందు కొట్టే డబ్బా ఎత్తి వాడి వీపున కట్టారు. అది కారుతుందని ఇద్దరూ చూసుకోలా. చొక్కా మందుతో తడిసింది, ఎండ మండింది. వాడు చాళ్ళ మధ్యే పడిపోయాడు. ట్రాక్టరు మీద వేసుకుని పోయారు గాని, అద్దంకి ఆసుపత్రికి చేరకుండానే... అంతే.

మరుసటేడు మళ్ళీ శ్రమకాలం వచ్చింది. ఆయన బైబిలు తెరిచి ఆ కథే ఎత్తుకున్నారు. తండ్రీ కొడుకూ కలిసి నడిచారన్న చోటుకొచ్చి ఆగిపోయారు. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు, మళ్ళీ పెట్టుకున్నారు. ప్రార్థన చేసుకుందాం అని మోకాళ్ళ మీద కూలబడ్డారు. ఆ తర్వాత పస్కా గొర్రెపిల్ల చెప్పారు, మోషే ఎత్తిన ఇత్తడి సర్పం చెప్పారు, చేప కడుపులో యోనా చెప్పారు. అన్నిట్లోనూ క్రీస్తును చూపించారు. ఇస్సాకు జోలికి మాత్రం పోలా.

సంఘ పెద్దలు కొందరు పాస్టరు గారికి విశ్వాసం సన్నగిల్లిందన్నారు. అదేం కాదు. తెల్లారకుండానే లేచి మోకరించేవారు. కాకపోతే ఇంట్లో వాడి పేరెత్తేవారు కాదు. నేనెత్తితే తువ్వాలు భుజాన వేసుకుని బయటికి పోయేవారు. ఇక నేనూ ఎత్తడం మానేశా. ఉప్పు సరిపోయిందా, తలుపేశావా, ఇవే మా మాటలు. అట్టా ముసలాళ్ళమైపోయాం.

మార్టూరులో సువార్తమ్మని ఒకావిడ ఉంది. వాళ్ళబ్బాయి క్వారీలో రాయి పడి పోయాడు. ఆదరణ కూడికకు, అదే పోయినవాళ్ళ ఇంట్లో పెట్టే ప్రార్థనకు, మీ తాతయ్య ఒక్కరే వెళ్ళారు, నాకు మోకాళ్ళు వాచి కదల్లేకపోయా. తిరిగొచ్చి కాస్త మజ్జిగ తాగి పడుకున్నారు.

ఆయన పోయాక ఆవిడ నన్ను చూట్టానికొచ్చింది. జనం పలచబడ్డాక నా చెయ్యి పట్టుకుంది.

"అమ్మగారూ, ఆ రోజు అయ్యగారు మా ఇంట్లో ఇస్సాకు కథ చెప్పారండి," అంది.

నాకు నమ్మబుద్ధి కాలా. చెప్పమన్నా.

"నా కొడుక్కి పొట్టేలు రాలేదమ్మా, నీ కొడుక్కీ రాలేదు, దేవుడి కొడుక్కీ రాలేదు, మన కడుపుకోత ఆ తండ్రికి తెలుసు అన్నారండి. అన్నేళ్ళు ఆ కథ చెప్పాను గాని ఇస్సాకు తల్లి శారా వైపు ఒక్కసారీ చూడలేదు అన్నారు. పొద్దున్నే కొడుకును తీసుకెళ్తూ ఆ తల్లిని ఎవరూ అడగలేదు, మా ఇంట్లో నేనూ అడగలేదు అన్నారు. సిలువ దగ్గర మాత్రం దేవుడు తల్లిని దూరం పెట్టలేదు, మరియమ్మను దగ్గరే నిలబడనిచ్చాడు అన్నారండి."

మళ్ళీ చెప్పమన్నా. పాపం, మళ్ళీ చెప్పింది.

చూశావా, ఎక్కడో మార్టూరులో పరాయి ఇంట్లో కూర్చుని చెప్పుకున్నారు ఆ మాట. నాకు చెప్పుకోలేకపోయారు. నేను ఆయన్ని తప్పుపడుతున్నాననే అనుకుంటూ పోయారేమో, తల్లీ. నేనెన్నడూ తప్పుపట్టలా. డబ్బా కారుతుందని ఆయనకేం తెలుసు? ఆ ఒక్క మాట ఇంట్లో అనుంటే, మీ తప్పేం లేదు అనేదాన్ని. ఎదురుగా కూర్చోబెట్టుకుని అనేదాన్ని. నా నోట ఆ మాట వినకుండానే...

సరేలే. ఏడవబాకు. కొత్తగా పెళ్ళయినదానివి. నువ్వూ మీ ఆయనా ఏది వచ్చినా దాచుకోకుండా ఒకళ్ళకొకళ్ళు చెప్పుకుంటూ బతకండి. దేవుడు మిమ్మల్నిద్దర్నీ చల్లగా చూడాలి, తల్లీ.