నోటికి రాని దీవెన

బ్లాక్‌పూల్ నాటకశాలలో తెర లేవడానికి ఇంకా ఐదు నిమిషాలుంది. తెర తాడు పట్టుకుని నిలబడ్డ తండ్రి దగ్గరికి, తొలిసారి వేషం కట్టిన కూతురు వచ్చింది.

“అందరూ నాటకాలవాళ్ల ఆనవాయితీ ప్రకారం ‘కాలు విరగ్గొట్టుకో’ అని దీవించేశారు. నువ్వొక్కడివే మిగిలావు నాన్నా.”

“ముప్ఫై ఏళ్లుగా ఊళ్లోవాళ్ల పిల్లలందరినీ అన్నాను. సొంత బిడ్డని అనడానికి నోరు రావడం లేదే.”

“పోనీ, బయటివాళ్లలా ‘అదృష్టం కలగాలి’ అనెయ్.”

“ఛీ! వేదిక దగ్గర ఆ మాటంటే ఆట అడ్డం తిరుగుతుంది. తెలిసే అడుగుతున్నావా?”

“మరి ఏమీ అనకుండా పంపితే, నేను నాటకాల్లోకి రావడం నీకింకా ఇష్టం లేదనుకోనా?”

తాడు వదలకుండానే అతను ఆమె వైపు వంగాడు.

“మధ్యలో మాట మరిచిపోతే ఇటు చూడు. నీ వేషం మాటలన్నీ నేను కంఠతా పట్టాను.”