బయట ఎవరూ లేని లెక్క

పరీక్షా కేంద్రం ఎదుటి టీ బడ్డీ దగ్గర మావయ్యగారు గొంతు సవరించుకున్నారు. లోపల మేనకోడలు ఉద్యోగ పరీక్ష రాస్తోంది. వయసు దాటిపోతోంది కనుక ఇదే ఆఖరిసారి. లెక్కలు చెప్పింది ఈయనే. భయమేస్తే ఈయనకు నోరు పెద్దదవుతుంది, కోతలు మొదలవుతాయి.

“నా పరీక్షలో వీధిలో సైకిలూ కుక్కా రెండూ ఉన్నవాళ్ళెందరని అడిగాడండీ. కింద ఆధారాలుగా రెండు వాక్యాలు. జవాబు తేల్చడానికి ఒకటి చాలా, రెండూ కావాలా, రెండూ ఉన్నా చాలవా? అది చెబితే చాలు. నేను మొదటిది చదివి చాలన్నాను. మరుసటేడు వాక్యాలే చదవలేదు. ఆపై ఏడాది ప్రశ్న కూడా అక్కర్లేకపోయింది!”

“ఏటేటా రాశారంటే ఏటేటా పోయిందా గురూగారూ?” అన్నాడు దర్జీ. అతని కొడుకూ లోపలే ఉన్నాడు.

“ముచ్చటపడి రాశానయ్యా! ఆ తర్వాత ఏమైందో తెలుసా? పరీక్ష పెట్టినవాళ్ళే ఇంటికొచ్చారు. దొంగలెందరో తెలుసు, పోలీసులెందరో తెలుసు, రెండూ అయినవాళ్ళని తేల్చండి మహాప్రభో అని! నేలమీద రెండు సున్నాలు ఒకదాని మీదికొకటి ఎక్కేలా గీశాను. ఎంత గట్టిగా గీశానంటే, మధ్యలో పడ్డ పేట పేటంతా ఊడి పక్కకు జరిగింది! అక్కడ ఇప్పటికీ రోజుకు రెండు సూర్యోదయాలు.”

“కోడి ఏ సూర్యుడికి కూస్తుందండీ?”

“రెంటికీ. అందుకే దానికి గొంతు బొంగురు.”

అందరూ నవ్వుతుండగానే గంట మోగింది. మేనకోడలు తిన్నగా బడ్డీ దగ్గరికొచ్చింది.

“మన లెక్క వచ్చిందా అమ్మడూ?”

“వచ్చింది మావయ్యా. ఆఫీసులో నూరుమంది. మొదటి వాక్యం ఈతొచ్చినవాళ్ళు అరవై, రెండోది పాటొచ్చినవాళ్ళు యాభై. రెండూ వచ్చినవాళ్ళెందరు?”

“పది! కళ్ళు మూసుకుని పది! రెండు వాక్యాలూ కలిపితే చాలని పెట్టావు కదూ?”

“మీరు నేర్పినట్టే పెట్టాను. అలాంటివే పేజీ నిండా ఉంటే అన్నింటికీ అలాగే పెట్టాను. పేపరిచ్చేశాక మళ్ళీ తట్టింది. ఈతా పాటా రెండూ రానివాళ్ళు ఉండరని ఎవరన్నారు మావయ్యా?”

దర్జీ టీగ్లాసు కింద పెట్టాడు.

ఎవరన్నారో మావయ్యగారికి తెలుసు. లెక్కలు నేర్చుకునేటప్పుడు వంటింటి గడప మీద కూర్చుని పిల్ల ఇదే మాట అడిగింది. తెలీదనడానికి నోరు రాక, ‘సున్నాల బయట ఎవరుంటారే పిచ్చిదానా’ అని కసిరారు. ఆ ఒక్క పూట పుస్తకం తెరిచినా బాగుండేది.

ఆమె కోప్పడలేదు. అదే ఆయనకు గుచ్చుకుంది. సంచి భుజాన వేసుకుని బస్సు వైపు నడిచింది, వెనకే ఆయన. సగం వీధి దాటాక ఆమే వెనక్కి తిరిగింది.

“ఏదో ఒకటి చెప్పండి మావయ్యా. మీరిలా ఊరుకుంటే నాకు భయమేస్తోంది.”

ఆయన నోరు తెరిచారు. ఒక్క కోతైనా రాలేదు.