మాట వినపడని హోంవర్క్

పిల్లకి జ్వరమని వాళ్ల నాన్న ఫోన్లో చెప్పాడు, మీరు సరేనన్నారు. అంతేనా సార్? హోంవర్క్ రోజూ వస్తోందిగా, ఇంకేం కావాలంటారు. వద్దు, కూర్చోను. నిలబడే చెప్తాను. ముందు ఈ వీడియో చూడండి.

మా క్లాసు పిల్లలు ట్యాబ్ మీద లెక్క చేస్తూ, ఆ స్క్రీన్ రికార్డ్ చేసి పంపుతారు కదా. పైకి చెప్తూ చెయ్యమంటాను, ఎక్కడ తడబడుతున్నారో తెలుస్తుందని. ఈ పిల్ల ఉందే, తీసివేతలో అప్పు తెచ్చుకున్నప్పుడల్లా పక్క అంకెకి సారీ చెప్తుంది. "సారీ ఐదూ, నువ్వింక నాలుగే" అని. ఒక్కదాన్నే కూర్చుని నవ్వుకునేదాన్ని.

ఇది నిన్నటిది. వినండి.

వినపడదు సార్. మైకు ఆపేశారు. ఒక్క కొట్టివేత లేదు, తడబాటు లేదు. ఆ ఏడు చూశారా? నడుముకి అడ్డగీత. మా పిల్లలెవరూ అలా రాయరు, నేను నేర్పలేదు. ఇది పెద్దవాళ్ల చెయ్యి.

తండ్రి సాయం చేశాడేమో అంటారా? చేశాడే అనుకుందాం. మరి పిల్లేది? పోలీసులకి ఫోన్ చేద్దామంటే మీరింకా గడియారం వంక చూస్తారేంటి?

పోయిన వారం సంగతి మీకు చెప్పలేదు. లెక్కలయ్యాక తను రికార్డింగ్ ఆపలేదు. స్క్రీన్ మీద కదలిక లేదు, నేను కట్టేయబోయాను. వెనక ఏదో పడ్డ చప్పుడు. తర్వాత ఆయన గొంతు. "మీ అమ్మ ఊర్నించి వచ్చాక నోరెత్తావో, చూడు."

ఆ తర్వాత పిల్ల గొంతు. ఏడుపు కాదు సార్. ఎనిమిదో ఎక్కం. మెల్లగా చెప్పుకుంటోంది, అయిపోతే మళ్లీ మొదట్నించీ.

ఆపడం మర్చిపోయిందా? అది మర్చిపోయే రకం కాదు. క్లాసులో మిగతావాళ్లకి గుర్తుచేసేదే తను. నేను వినాలని వదిలేసింది.

అప్పుడే ఎందుకు చెప్పలేదని అడుగుతారు. అడగండి, అడగాల్సిందే. ఇంటి గొడవలు మనకెందుకు, బడి పేరు పోతుంది అంటారనుకున్నాను. మీతో వాదించే ఓపిక లేక, తెలివైనదాన్నని నేనే ఓ ఉపాయం ఆలోచించాను. వీడియో కింద రాశాను. "లెక్కలు బాగా చేశావమ్మా. చివర్లో మాటలన్నీ విన్నాను."

మనం కింద ఏం రాసినా అది ముందు తండ్రి ఫోనుకే వెళ్తుంది. తెలియక కాదు సార్, తెలిసే రాశాను. టీచర్ విన్నదని తెలిస్తే భయపడతాడు, పిల్ల జోలికి పోడు అనుకున్నాను.

భయపడ్డాడు సార్. మర్నాటి నుంచి పిల్లని బడికి పంపలేదు.