ఖాళీ కుర్చీని అడిగిన ప్రశ్న

1989 జూలై మూడవ తేదీన మా నాటక సాహిత్య శాఖలో ఉపన్యాసకులుగా చేరిన నాడే, మన గౌరవనీయ ఆచార్యులవారు తరగతి గదిలో ఒక ఖాళీ కుర్చీ వేయించారు. విషాద నాటక నాయకుడు అందులో కూర్చున్నాడనుకొని విద్యార్థులు అతణ్ణి ప్రశ్నించాలి. నీ పతనానికి కారణం విధియా, నీ దోషమా అన్న తాత్త్విక ప్రశ్నలు ముగిశాక, మనోవిశ్లేషకుల పక్షాన ఆయనే అడిగేవారు: "నీకు తెలియలేదా, తెలుసుకోవడం ఇష్టం లేకపోయిందా?" దానితో 'కుర్చీ మాస్టారు' అన్న పేరు స్థిరపడింది. వారి శ్రీమతి, మా వదినగారు, ఫోనులో "కుర్చీ మాస్టారు ఇంట్లో లేరండీ" అనడం నేను చెవులారా విన్నాను.

2006లో శాఖాధ్యక్షులైన ఏడాదే, విషాదాన్ని చూసి ఏడ్చిన ప్రేక్షకుడు మనసు తేలికపడి ఇంటికి వెళ్తాడని నిరూపిస్తూ ఆయన రచించిన గ్రంథం పాఠ్యపుస్తకమైంది. ఇంతవరకు రాసి ఊరుకుంటే ఈ అభినందన సంచికకు సరిపోయేది. "పన్నెండేళ్ళ కిందటి సంగతి లేకపోతే నా గురించి అసలు రాయొద్దు" అని ఆచార్యులవారే పట్టుబట్టారు. మహా మొండి మనిషి! ఆ సంగతిలోని అమ్మాయి తల్లి సమ్మతి కూడా తీసుకొనే రాస్తున్నాను.

పన్నెండేళ్ళ కిందటి ఆ ఏడాది చివరి పరీక్షలో, నాయకుడి మృత్యుకాంక్షను వివరించమన్న ప్రశ్నకు ఒక విద్యార్థిని, ఆ కుర్చీలో తానే కూర్చున్నట్లు 'నేను' అంటూ జవాబు రాసింది. "నేను లేచి వెళ్ళిపోయినా ఈ కుర్చీకి తెలియదు" అన్న వాక్యం కింద ఆయన ఎర్రసిరాతో గీత గీసి, 'అద్భుతం' అని రాసి, ఇరవైకి పందొమ్మిది వేశారు. రెండవ పరీక్షకుణ్ణి నేను. అక్షరదోషాలకు ఒక మార్కు తగ్గించాను. ఫలితాలు వచ్చేలోగా ఆ అమ్మాయి తన ప్రాణం తానే తీసుకుంది.

దర్జీపని చేసుకునే ఆమె తల్లి మా తరగతి గదికి వచ్చి, జవాబుపత్రం అడిగి, నిలబడే ఆసాంతం చదివింది.

"ఇది పరీక్ష కాదు సార్, ఉత్తరం. మా పిల్ల మీకు ఉత్తరం రాస్తే మార్కులేశారా?"

ఆయన ఆ ఖాళీ కుర్చీలోనే కూలబడ్డారు. ఆయన ఎప్పుడూ అడిగే ప్రశ్నను ఆ రోజు ఎవరూ అడగలేదు.

నాటినుండి ప్రతి విద్యార్థినీ పిలిచి, "ఎలా ఉన్నావు? నిద్ర పడుతోందా?" అని అడిగిన తరువాతే జవాబులు దిద్దేవారు. తేలికపడి ఇంటికి వెళ్ళే ప్రేక్షకుడి పాఠం దగ్గర మాత్రం ఏటా ఆగిపోయి, "అబద్ధం రాశానర్రా" అనేవారు. మేమెవరమూ కాదనలేదు.

మొన్న, వ్యాసం చివర శుభాకాంక్షలు రాస్తానంటే నవ్వారు. "దీర్ఘాయువు మాత్రం రాయకయ్యా. నేను లేచి వెళ్ళిపోయినా ఈ కుర్చీకి తెలియదు."

ఆ వాక్యానికి ఒకసారి మార్కులు వేసిన పాపిని నేను. కలం పక్కన పెట్టి, "ఎలా ఉన్నారు మాస్టారూ? నిద్ర పడుతోందా?" అని అడిగాను.

"లేదయ్యా" అన్నారు.

ఇది అచ్చయితే తిడతారు. తిట్టనీ. రోజూ ఉదయం వారింటికి వస్తానని వదినగారికి మాటిచ్చాను. ఆచార్యులవారు ఆయురారోగ్యాలతో చిరకాలం వర్ధిల్లాలని సహోద్యోగులందరి పక్షాన ఆకాంక్షించడం లేదు, చేతులు పట్టుకొని బతిమాలుకుంటున్నాను.