అద్దె ఈకలు

మూతి కదపకు బావా, ఎన్నిసార్లు చెప్పాలి! తెల్లగీత సరిగ్గా పెదాల మీదుగానే పోవాలంట, మీ మేనేజరుబాబు ఫొటో చూపించి మరీ చెప్పాడు. నువ్వు మాట్లాడితే చెదిరిపోతుంది. మళ్ళీ తుడిచి పుయ్యడానికి నాకు ఓపిక లేదు. మేకప్ మనిషి రాకపోతే పెళ్ళాం గుర్తొచ్చిందా? సరే, వచ్చాగా. కూర్చో.

ఇన్నేళ్ళ కాపరంలో నేను మాట్లాడుతుంటే నువ్వు నోరు మూసుకుని వింటున్నది ఇవాళే. ఈ అదృష్టం వదులుకుంటానా?

హాలు నిండింది, చూసొచ్చా. ముందు వరసలో మెత్తటి కుర్చీల్లో డబ్బులిచ్చే అతిథులు. వెనకాల బల్లల మీద మన జనం. నీ కుర్చీ ఉంటుందో ఊడుతుందో ఇవాళ తేలిపోతుందని గుసగుసలాడుకుంటున్నారు. నీకేమో ఈక వంకరగా ఉందా తిన్నగా ఉందా అని బెంగ. ఆదివాసీ సహాయ నిధి అధ్యక్షులవారు!

అసలివి ఏం ఈకలు? కోడి ఈకలు. నీలంరంగులో ముంచిన కోడి ఈకలు. చెమట పడితే నుదుటి మీదకి కారుతుంది, కిందటిసారి సగం సబ్బు అయిపోయింది నీ మొహానికి.

ఆ అతిథులు మొదటిసారి వచ్చినప్పుడు మనం ఏం కట్టుకున్నాం? ఇస్త్రీ చొక్కాలు, మంచి చీరలు. వాళ్ళ మొహాలు వాడిపోయాయి. ‘మీ సంప్రదాయ దుస్తులేవీ?’ అన్నారు. ఇవేనండీ అంటే నీ సొమ్మేం పోయేది? తల గోక్కుంటూ నించున్నావు. మేనేజరుబాబు ఒక్క పరుగున పోయి, నాటకాల సామాను అద్దెకిచ్చే కొట్టు నుంచి ఈ ఈకల కిరీటాన్ని పట్టుకొచ్చాడు. రాజుల గడ్డాలకీ రాక్షసుల కోరలకీ మధ్య వేలాడుతున్నదాన్ని! నీకు వదులైతే లోపల పాతగుడ్డ కుక్కింది కూడా నేనే, నా ఖర్మ.

పైగా ఆ అరుపొకటి. మైకు ముందుకి రాగానే ‘హోయ్ హోయ్’ అంటావే, అదెక్కడిది? కోతుల్ని తోలడానికి తప్ప మనవాళ్ళు ఎప్పుడైనా అలా అరిచారా? నవ్వకు, గీత పోతుంది.

మన మనవరాలు బళ్ళో తాతగారి నాన్నని గీసింది. తలనిండా ఈకలు. ఆయనకి! బతికినన్నాళ్ళూ తలకి తువ్వాలు తప్ప ఎరగని మనిషికి. అదేంటే అంటే, ‘మన పెద్దలు ఇలాగే ఉండేవాళ్ళు, తాత ఫొటోలో ఉందిగా’ అంది. పిల్లకి ఏం చెప్పమంటావు? మీ తాత అబద్ధం అని చెప్పనా?

అత్త చూస్తే ఏమనేదో. ఈ నిధి పెట్టింది మీ అమ్మ. రేకుల షెడ్డు, ఒక బల్ల, అంతే. సాయం కోసం వచ్చినవాళ్ళని ఒక్క ప్రశ్నే అడిగేది: ‘ఎప్పటికి కావాలి?’ ఎందుకు అని అడిగేది కాదు. ఎందుకో చెప్పుకోడానికి నోరు రాకే కదా మనవాళ్ళు సగంమంది గుమ్మం దాకా వచ్చి వెనక్కి పోయేది! మరి తిరిగిచ్చేవాళ్ళా అంటే, ఇచ్చేవాళ్ళు. ఇవ్వనివాళ్ళ ఇంటికెళ్ళి కూర్చునేది అత్త. మంచినీళ్ళు తాగి, పిల్లల్ని పలకరించి, బాకీ ఊసెత్తకుండా లేచొచ్చేది. మర్నాడు వాళ్ళే తెచ్చి ఇచ్చిపోయేవాళ్ళు.

ఇప్పుడో? గాజు తలుపు, కార్డు ఆనిస్తే గానీ తెరుచుకోదు. లోపలికెళ్తే గోడంత ఫొటోలో నువ్వు. మీ ముత్తాత ఎక్కడ పుట్టాడు, మీరు ఆదివాసులే అని రుజువేంటి అని ఆరాలు. మనం ఈ నేల మీద ముందు నుంచీ ఉన్నామని కాగితం ఎవడిస్తాడు బావా? కాగితాలిచ్చేవాళ్ళంతా మన తర్వాత వచ్చినవాళ్ళేగా!

కళ్ళు మూసుకో, రెప్పల మీద పుయ్యాలి.

నీ చెల్లెలు వచ్చింది గుర్తుందా? సొంత చెల్లెలు. మొగుడు పరంజా మీంచి పడి మంచాన ఉంటే, చేబదులు కోసం వచ్చింది. ఆ గోడంత ఫొటో కింద కూర్చుని నువ్వేమన్నావు? ‘రూల్స్ ఒప్పుకోవమ్మా, కమిటీలో పెడతాం’ అన్నావు. ఛీ! నీ మొహానికి ఈ రంగు పుయ్యడానికి ఏ కమిటీ కూర్చుంది? అది వెళ్ళి కుట్టుమిషను అమ్ముకుంది. దానికి అన్నం పెట్టేది ఆ మిషనే, తెలీదా నీకు? ఇప్పుడు పక్కవాళ్ళ చిరుగులు చేత్తో కుట్టి పెడుతోంది.

ఇవాళ ఏం చెయ్యబోతున్నావో నాకు తెలీదనుకోకు. కాగితాల్లేనివాళ్ళకి ఇకమీదట చేబదుళ్ళు లేవు అని తీర్మానం. అతిథుల షరతు. నువ్వు చెయ్యెత్తితే పెద్ద భవనం కట్టిస్తారంట. మీ అమ్మ పెట్టిన పొయ్యిలో నీళ్ళు పోసి, దాని మీద మేడ కట్టుకుంటావు. పేరు మాత్రం అత్తదే పెడతారులే, తెలివైనవాళ్ళు.

ఏంటా చూపు? ఆఁ, అదా. నిన్ను దించాలని నోటీసిచ్చింది ఎవడా అని వారం నుంచీ గింజుకుంటున్నావుగా. మేనేజరు మీద అనుమానం, మీ పెదనాన్న కొడుకు మీద అనుమానం. ఇంట్లో మనిషిని మాత్రం ఎప్పుడు లెక్కలో వేశావు గనక?

నేనే బావా. నేనూ సభ్యురాలినే, మర్చిపోయావా? కదలకు! కదలకన్నానా... అదిగో, చెదిరింది. పోనీలే.

నెగ్గుతానని కాదు. జనం నీ వైపేనని తెలుసుకున్నాగా. నోటీసు మీద నా పక్కన ఇంకో సంతకం కావాలంటే ముందు నీ చెల్లెలి దగ్గరికే వెళ్ళా. చేతిలో సూది, ఒళ్ళో ఎవరిదో లంగా. తనకి జరిగింది తనకే మళ్ళీ చెప్పా, నా కోపమంతా కక్కా. అంతా వింది. దారం పళ్ళతో కొరికి, ‘తప్పు వదినా, నేను ఓటు అన్నకే వేస్తా’ అంది. ఎందుకే అంటే ఏమందో తెలుసా? ‘ఏదేమైనా ఆ ఈకల్లో మా అన్న రాజులా ఉంటాడు. మనలో ఒకణ్ణి అంత ఎత్తున ఎప్పుడు చూశాం?’

సంతకం ఇంకొకరి చేత పెట్టించుకున్నా గానీ, ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలీలేదు.

లే, పిలుస్తున్నారు. నువ్వు ముందు నడువు. తల వంచి వెళ్ళు, గుమ్మం తగులుతుంది.