అడ్డం వచ్చిన జింక

బెంటన్‌విల్‌లో ఒక స్పోర్ట్స్ షాపు. లోపల తుపాకుల కౌంటరు ముందు వీరభద్రరావు, ఆయన కూతురు భవిత, ఆఫీసులో ఆయనతో పనిచేసే శ్రీధర్.

"అది వద్దన్నా. త్రీ హండ్రెడ్ మాగ్నమ్ అంటే కొలరాడో పొయ్యి ఎల్క్ అనే పెద్ద జింకల్ని కొట్టెటోళ్ళు కొంటరు. మన ఆర్కన్సా జింకకు గంతది ఎందుకు?"

"చావాలి కదా శ్రీధర్."

"టూ ఫార్టీ త్రీతోని గూడ చస్తది. నేను నాలుగేండ్ల సంది గదే వాడుతున్న."

"అంత చిన్న బుల్లెట్టా? నాకు నమ్మకం లేదు."

"బుల్లెట్ పెద్దగుంటే చావదన్నా, తగలాల్సిన కాడ తగిల్తే చస్తది. ముందుకాలు వెనక, భుజం కింద. నువ్వు షూటింగ్ రేంజ్‌ల కాల్చిందే రెండుసార్లు. పెద్ద గన్ భుజాన్ని గట్టిగ గుద్దుతది. ఒకసారి గుద్దిందనుకో, రెండోసారి ట్రిగ్గర్ నొక్కేటప్పుడు కండ్లు మూస్కుంటవ్. గప్పుడు జింకకు కడుపుల తగుల్తది. ఉరికి ఉరికి ఏ పొదలనో పడి, పొద్దుగూకేదాక కొట్టుకుంటది."

"అలా వద్దు."

"గదే చెప్తున్న."

"వెంటనే పోవాలి. కొట్టుకోకూడదు. మీ వదిన రేణు పాపం, అంబులెన్స్ వచ్చేదాకా..."

"నాన్నా, ప్లీజ్."

"సరే, ఏం అనట్లేదు. శ్రీధర్, ఆ మధ్యలో ఉన్నదేంటి?"

"త్రీ ఓ ఎయిట్. మంచిదే. కొంచెం తంతది గానీ ఓర్సుకోవచ్చు. బుల్లెట్లు ఏ షాపులనైనా దొరుకుతయ్. చూస్తవా? సర్, కెన్ వి సీ దట్ వన్? థాంక్యూ. పట్టుకో అన్నా. ముందుగాల ఖాళీగ ఉందో లేదో నువ్వే చూడాలె. ఆయన చూసిండు గదా అని ఊకోవద్దు."

"ఖాళీగానే ఉంది."

"ఇగ భుజానికి ఆనించు. మనుషుల దిక్కు కాదు, గోడకున్న గా బొమ్మ దిక్కు. చెంప గన్ కట్టెకు ఆనాలె. ఆ, గట్ల."

"బరువుగానే ఉంది."

"పొద్దంత మోస్తే ఇంక బరువైతది."

"అంకుల్, ఇది నిజంగా నాన్నకి అమ్ముతారా? నాన్న ఇంకా హెచ్ వన్ మీదే ఉన్నాడు కదా."

"హంటింగ్ లైసెన్స్ ఉంటే వీసా మీదున్నోళ్ళకు గూడ ఇస్తరు బిడ్డా. మీ నాన్న క్లాసు చేసిండు, పరీక్ష గూడ పాసైండు."

"గ్రీన్ కార్డు కోసం పద్దెనిమిదేళ్ళుగా లైన్లో ఉన్నాను. జింకని చంపుతానంటే మాత్రం వెంటనే ఇచ్చేశారు లైసెన్సు."

"నాన్నా, నువ్వు బాత్రూమ్‌లో సాలీడు కనపడినా కప్పులో పట్టి బయట వదుల్తావు."

"సాలీడు మనకేం చేసిందని?"

"మరి ఈ జింక ఏం చేసింది? ఇది వేరే జింక కదా."

"ఏ జింకైతేనేం."

"ఇది ఎవరి కారుకీ అడ్డం రాలేదు. అడివిలో దాని మానాన అది గడ్డి తింటూ ఉంటుంది."

"ఉండనీ."

"అన్నా, పిల్ల చెప్పేదాంట్ల తప్పేం లేదు. నాకు నేర్పిన ముసలాయన, కోపంతోని వేటకు పోవద్దు అంటుండె. చెట్టు మీద స్టాండ్‌ల గంటలకు గంటలు కదలకుండ కూసోవాలె. చలి. కోపమున్నోడు కూసోలేడు."

"నేను కూచుంటాను. ఏడాదిగా కూచునే ఉన్నాను."

"మరి మాంసం? చంపి ఊకె వదిలెయ్యనియ్యరు ఈడ. మీ ఇంట్ల గుడ్డు గూడ తినరు."

"పేదవాళ్ళకి తిండి పంచే ఫుడ్ బ్యాంక్ వాళ్ళకి ఇచ్చేస్తాను. అడిగాను. తీసుకుంటామన్నారు."

"అంటే అన్నీ అడిగి పెట్టుకున్నవ్."

"అన్నీ అడిగాను."

"నువ్వు పట్టు విడువవు, సరే. భవితమ్మా, ఒక్క మాట అడుగుత, బాధపడకు. పోయినేడు మీ కారుకు జింక అడ్డమొచ్చి అమ్మ పోయిన రోడ్డు లేదా, దాని పక్క పొలం మా దోస్తుది. ఆడ వేటకు పోనీకె పర్మిషన్ ఇచ్చిండు. నువ్వు డ్రైవ్ చేస్తున్నవ్ గాబట్టి చూసింది నువ్వే. మగదా, ఆడదా?"

"నాకు తెలీదు అంకుల్."

"కొమ్ములుండెనా?"

"ఐ డోంట్ నో. ఉన్నాయేమో."

"కొమ్ములున్నాయనే పోలీసులకి చెప్పింది శ్రీధర్. పెద్ద కొమ్ములని. ఎడమవైపు నుంచి వచ్చిందట."

"ఆస్పత్రిల నాతోని కుడిదిక్కు అన్నట్టు గుర్తు."

"అంకుల్, అప్పుడు నా తలకి కుట్లు వేస్తున్నారు. ఎవరితో ఏం చెప్పానో నాకే గుర్తు లేదు."

"శ్రీధర్, దాన్ని అడగొద్దు."

"తప్పైంది బిడ్డా. మగదైతే అదే జాగల తిరుగుతుంటది, మళ్ళ కనబడొచ్చని అడిగిన."

"ఏ జింకైనా నాకు ఒకటే అన్నాను కదా. ఇదే తీసుకుంటాను. బుల్లెట్లు నువ్వే చూసి తీసుకురా, నాకు తెలీదు."

"గన్ మళ్ళ ఆయన చేతికే ఇచ్చెయ్ అన్నా, పట్టుకొని నిలబడొద్దు. బుల్లెట్లు ఆ చివర్ల ఉన్నయ్, తెస్త."

"నాన్నా, అంకుల్ రాకముందే ఇంటికి వెళ్ళిపోదాం."

"అయిపోవచ్చింది. కాసేపు."

"నువ్వు ఇది చెయ్యడం నాకు ఇష్టం లేదు."

"నువ్వు రానక్కర్లేదు. నేనూ శ్రీధరూ వెళ్తాం."

"అది కాదు. నువ్వెప్పుడూ దేన్నీ చంపలేదు. చంపాక నీకు నిద్ర పట్టదు."

"ఇప్పుడు పడుతోందా?"

"అమ్మకి కూడా ఇది నచ్చదు."

"అమ్మ సంగతి ఇక్కడెందుకు?"

"అమ్మ కోసమే కదా ఇదంతా. బ్యాక్‌యార్డ్‌లోకి జింకలొస్తే అమ్మ యాపిల్ ముక్కలు వేసేది. గులాబీలన్నీ తినేస్తున్నాయని నువ్వు అరిస్తే, పాపం తిననివ్వండి అనేది. గుర్తుందా?"

"గుర్తుంది."

"మరి?"

"గుర్తుంటే ఏం చెయ్యమంటావు భవితా?"

"వద్దంటున్నాను, అంతే. పెద్దమ్మకి ఫోన్ చేసి చెప్పావు, జింకని చంపుతానని. గుడిలో పంతులుగారికి చెప్పావు. అందరూ నన్ను చూసి పాపం అంటున్నారు. నావల్ల కావట్లేదు నాన్నా."

"పాపం కాక? అందులో నీ తప్పేముంది? జింక అడ్డం వస్తే ఎవరైనా ఏం చేస్తారు?"

"అలా అనొద్దు."

"అందరూ అనేదే నేనూ అంటున్నాను. నీ తప్పు లేదు."

"అనొద్దు అన్నాను నాన్నా."

"మెల్లగా మాట్లాడు. చూస్తున్నారు."

"చూడనీ. నువ్వు చెట్టు మీద కూచుని దాన్ని కాలుస్తావు. అది ఏమీ చెయ్యకుండానే చచ్చిపోతుంది. నా వల్ల చచ్చిపోతుంది."

"నీ వల్ల ఎందుకు?"

"ఎందుకంటే... ఎందుకంటే ఆ రోజు జింక రాలేదు."

"చీకటి పడే వేళమ్మా. తలకి దెబ్బ తగిలింది. నీకు సరిగ్గా గుర్తుండదు."

"గుర్తుంది. అంతా గుర్తుంది. రోడ్డు ఖాళీగా ఉంది."

"చాల్లే."

"చాలదు. నేను ఫోన్ చూస్తున్నాను. నా ఫ్రెండ్ ఇషా ఏదో వీడియో పంపించింది. రోడ్డు చూడవే అంది అమ్మ. ఒక్క సెకండ్ అన్నాను. మళ్ళీ రోడ్డు చూడు అంది. తల ఎత్తేసరికి చెట్టు. ఇంకేం లేదు. జింక లేదు, ఏమీ లేదు. పోలీసాయన వచ్చి డిడ్ ఎ డీర్ రన్ అవుట్, జింక అడ్డం వచ్చిందా అని అడిగాడు. యెస్ అన్నాను. ఆయనే అడిగాడు నాన్నా, నేను జస్ట్ యెస్ అన్నాను. తర్వాత కొమ్ములున్నాయా, ఎటునుంచి వచ్చిందీ అంటే నోటికొచ్చింది చెప్పాను."

"కళ్ళు తుడుచుకో. శ్రీధర్ వస్తాడు."

"నేను చెప్పింది విన్నావా?"

"విన్నాను."

"మరి ఏమీ అనవేం? తిట్టు. కొట్టు. ఏదో ఒకటి చెయ్యి."

"నాకు తెలుసు."

"ఏం తెలుసు?"

"అమ్మ హ్యాండ్‌బ్యాగ్ తీసుకోవడానికి పాడైన కార్లు పెట్టే యార్డుకి వెళ్ళాను కదా. అక్కడ మన కారు చూశాను. ముందు భాగమంతా చెట్టు బెరడే. జింక వెంట్రుక ఒక్కటి లేదు. చుట్టూ తిరిగి తిరిగి చూశాను. కింద కూడా దూరి చూశాను. ఎక్కడన్నా ఒక్కటి ఉంటుందేమోనని."

"అంటే అమ్మ చనిపోయిన వారంలోనే తెలుసా నీకు? తెలిసి నన్ను ఒక్క మాట అడగలేదా?"

"అడిగితే నువ్వు చెప్పేస్తావేమోనని."

"అన్నా, బుల్లెట్లు తెచ్చిన. గురి చూసే స్కోప్ గూడ చూద్దమా? ఏంది, పిల్ల ఏడుస్తున్నదా?"

"ఏం లేదు శ్రీధర్. అమ్మ గుర్తొచ్చింది. నువ్వు షాపాయనతో మాట్లాడుతుండు, నేనొస్తున్నాను."

"వద్దు నాన్నా. లేదని తెలిసి కూడా ఇదంతా ఎందుకు? ఈ క్లాసులు, ఈ లైసెన్సు, ఈ గన్... లేని జింక కోసం ఎందుకు నాన్నా?"

"నాకు జింక కావాలమ్మా. ఆ జింక కూడా లేకపోతే, నీ మొహం నేనెలా చూడగలను?"